ఒప్పుకున్న ప్రమాణం, జరిగిన ఆడిట్

మన దేశంలో ఆడిటర్ల పనిని ఎవరు తనిఖీ చేయాలి, ఏ ప్రమాణాలతో కొలవాలి, తప్పు చేసినవారిని ఎవరు శిక్షించాలి అన్న తగువు పాతికేళ్లుగా తెగకుండా సాగుతోంది. చార్టర్డ్ అకౌంటెంట్ల జాతీయ సంస్థ ఐసీఏఐ తన వెనక 1949 నాటి పార్లమెంటు చట్టం ఉందని, అంతర్జాతీయ అకౌంటెంట్ల సమాఖ్యలో మొదటి రోజు నుంచీ సభ్యత్వం ఉందని చూపిస్తుంది. 2018లో ఏర్పడిన ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ, అంటే జాతీయ ఆర్థిక నివేదన ప్రాధికార సంస్థ, పెద్ద కంపెనీల ఆడిట్లపై నిఘా తనదంటుంది. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ, సెబీ, రిజర్వు బ్యాంకు, కోర్టులు అందరికీ ఇందులో తలా ఒక పాత్ర ఉంది. చిక్కుముడి ఇంతగా బిగుసుకున్నప్పుడు ఒక్కో పోగునూ విడదీసి చూడడమే మేలు.

ఈ తగువుకు మేడ్చల్ చుట్టుపక్కల ఊళ్లతో ఉన్న సంబంధం చిన్నది కాదు. 2009లో లెక్కల మోసం బయటపడిన సత్యం కంప్యూటర్స్ తన పెద్ద టెక్నాలజీ కేంద్రాన్ని కట్టింది బహదూర్‌పల్లిలో. దాని చైర్మన్ రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్ హిల్ కౌంటీ కట్టింది బాచుపల్లిలో. ఆ రెండూ నేటి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనివే. ఇటు మేడ్చల్ పారిశ్రామికవాడలో చిన్న చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలు, అటు శామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో విదేశీ కొనుగోలుదారులతో వ్యవహరించే మందుల, టీకాల సంస్థలు. అంతర్జాతీయ ప్రమాణాలు గట్టిగా అమలైతే బాగుపడేదీ, బరువు మోసేదీ ఇలాంటి చోట్లే.

ఈ వ్యాసం చూపదలచింది ఒక్కటే. జాతీయ సంస్థ అంతర్జాతీయ సభ్యత్వ షరతులు తీర్చిందా అన్న ప్రశ్నకు ఇప్పటిదాకా దొరుకుతున్న జవాబు ప్రమాణాన్ని స్వీకరించామా లేదా అన్న దాని గురించే. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు అడుగుతున్నది మాత్రం ఆ ప్రమాణం ఆడిట్ ఫైలులోకి దిగిందా అని. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో అక్కడే తగువంతా ఉంది.

సభ్యత్వం వెంట వచ్చే బాధ్యతలు

అంతర్జాతీయ అకౌంటెంట్ల సమాఖ్య, వృత్తిలో అందరూ ఐఫాక్ అని పిలిచేది, 1977 అక్టోబరు 7న జర్మనీలోని మ్యూనిక్‌లో ఏర్పడింది. 51 దేశాలకు చెందిన 63 సంస్థలు అప్పుడు చేరాయి. వాటిలో ఐసీఏఐ ఒకటి. మన దేశం నుంచి కాస్ట్ అకౌంటెంట్ల సంస్థకూ అందులో సభ్యత్వం ఉంది. 2022 నవంబరులో సమాఖ్య వారి ప్రపంచ మహాసభ ముంబైలో జరిగింది. భారత్‌లో అది జరగడం అదే మొదటిసారి.

ఐఫాక్ ఏ దేశంలోనూ నియంత్రణ సంస్థ కాదు. ఏ ఆడిటర్‌నూ శిక్షించలేదు. దాని పట్టు అంతా సభ్య సంస్థల మీదే. 2004లో అది ఏడు సభ్యత్వ బాధ్యతల ప్రకటనలు విడుదల చేసింది. వృత్తిలో వీటిని ఎస్‌ఎంఓలు అంటారు. మొదటిది ఆడిట్ నాణ్యత తనిఖీ గురించి. రెండోది చదువు, శిక్షణ గురించి. మూడోది అంతర్జాతీయ ఆడిటింగ్ ప్రమాణాలు, నాలుగోది నైతిక నియమావళి, ఐదోది ప్రభుత్వ రంగ అకౌంటింగ్ ప్రమాణాలు, ఆరోది ఫిర్యాదుల విచారణ, క్రమశిక్షణ, ఏడోది కంపెనీల ఆర్థిక నివేదికలకు వాడే ఐఎఫ్‌ఆర్‌ఎస్.

2012లో వీటిని సవరించారు. ఆ సవరణలో వచ్చిన మార్పును గమనించకపోతే తర్వాతి వాదనలేవీ అర్థం కావు. ప్రతి దేశంలోనూ ఈ ఏడు పనులు అకౌంటెంట్ల సంస్థ చేతిలోనే ఉండవు. కొన్ని ప్రభుత్వం దగ్గర, కొన్ని వేరే నియంత్రణ సంస్థ దగ్గర ఉంటాయి. అందుకని నేరుగా బాధ్యత ఉన్నచోట సంస్థే అమలు చేయాలని, బాధ్యత పంచుకున్నచోట తన వంతు చేసి మిగతాదానికి అవతలివారిని ఒప్పించాలని, అసలు బాధ్యతే లేనిచోట ఆ ప్రమాణాల స్వీకరణకు శక్తిమేరకు ప్రయత్నించాలని మూడు మెట్లు పెట్టారు. ప్రతి సభ్య సంస్థా ఒక కార్యాచరణ ప్రణాళిక రాసి, ఎప్పటికప్పుడు తాజా చేసి, ప్రజలకు అందుబాటులో ఉంచాలి. తీర్చకపోతే సభ్యత్వాన్ని నిలిపివేయవచ్చు, తొలగించవచ్చు.

పద్ధతి సమంజసమే. ఘానాకు, బ్రిటన్‌కు, భారత్‌కు ఒకే అచ్చు సరిపోదు. కాని శక్తిమేరకు చేసిన ప్రయత్నాన్ని ఎవరు తూచాలి? ప్రణాళిక రాసేది సభ్య సంస్థే, పురోగతి నివేదించేదీ అదే. దేశాల వారీగా ఐఫాక్ ఇచ్చే వర్గీకరణలు కూడా ప్రమాణాన్ని స్వీకరించారా, పాక్షికంగా స్వీకరించారా, స్వీకరించలేదా అన్న మూడింటి చుట్టే తిరుగుతాయి.

1949 నుంచి సత్యం దాకా

ఐసీఏఐ 1949 జూలై 1న మొదలైంది. చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం దానికి పరీక్షలు పెట్టే అధికారం, సభ్యుల రిజిస్టరు, క్రమశిక్షణ మూడూ అప్పగించింది. మొదటి అర్ధశతాబ్దంలో ఈ ఏర్పాటును పెద్దగా ప్రశ్నించినవారు లేరు. వృత్తిని వృత్తివారే దిద్దుకోవాలన్నది ఆనాటి లోకరీతి.

2001, 2002లలో అమెరికాలో ఎన్‌రాన్, దాని ఆడిటర్ ఆర్థర్ ఆండర్సన్ కూలడంతో గాలి మారింది. అమెరికా ఆడిటర్ల స్వీయ నియంత్రణకు స్వస్తి చెప్పి పీసీఏఓబీ అనే స్వతంత్ర మండలిని పెట్టింది. ఇక్కడ ఐసీఏఐ 2002లోనే, తోటి ఆడిటర్లే పని తనిఖీ చేసే పీర్ రివ్యూ బోర్డును, ఆర్థిక నివేదికల సమీక్షకు మరో బోర్డును ఏర్పాటు చేసింది. అదే ఏడాది కేంద్రం నియమించిన నరేశ్ చంద్ర కమిటీ వృత్తి సంస్థలకు విడిగా నాణ్యతా సమీక్ష బోర్డులు ఉండాలని సిఫారసు చేసింది. 2006లో చట్టం సవరించి క్రమశిక్షణ డైరెక్టరేట్‌ను, బోర్డును, కమిటీని వేరు చేశారు. నాణ్యతా సమీక్ష బోర్డుకూ చట్టంలో చోటు దొరికింది.

కాబట్టి 2008 చివరినాటికి ఎవరైనా ఎస్‌ఎంఓల జాబితా పట్టుకుని భారత్‌ను పరిశీలించి ఉంటే చాలా గళ్లలో టిక్కు పడేది. తనిఖీ వ్యవస్థ ఉంది, క్రమశిక్షణ యంత్రాంగం ఉంది, ఆడిటింగ్ ప్రమాణాలు అంతర్జాతీయ ప్రమాణాల ఆధారంగా రాసుకున్నవే ఉన్నాయి.

ప్రమాణం ఉండగానే జరిగిన మోసం

2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ తన సొమ్ముతో మేటాస్ ఇన్‌ఫ్రా, మేటాస్ ప్రాపర్టీస్‌లను 160 కోట్ల డాలర్లకు కొంటానని ప్రకటించి, వాటాదార్లు తిరగబడడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. మూడు వారాల తర్వాత, 2009 జనవరి 7న, చైర్మన్ బి. రామలింగరాజు రాజీనామా లేఖ రాశారు. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. ఏళ్ల తరబడి ఆ లెక్కలపై సంతకం చేసింది ప్రపంచంలోని నాలుగు పెద్ద ఆడిట్ నెట్‌వర్కుల్లో ఒకటైన ప్రైస్ వాటర్‌హౌస్ కూపర్స్‌కు చెందిన భారతీయ సంస్థ.

నగదు నిల్వ సరిచూడడం ఆడిట్‌లో అన్నిటికంటే సూటి పని. ఆడిటర్ బ్యాంకుకు నేరుగా లేఖ రాయాలి, జవాబు నేరుగా తన చేతికే రావాలి. క్లయింటు చేతుల మీదుగా వచ్చిన కాగితానికి సాక్ష్యంగా విలువ తక్కువ. బయటివారి నుంచి ఇలా ధ్రువీకరణ తీసుకోవడంపై ఐసీఏఐ ప్రమాణం 2003 ఏప్రిల్ నుంచే అమల్లో ఉంది. అంతర్జాతీయ ప్రమాణాన్ని అనుసరించి రాసినదే అది. అంటే మూడో ఎస్‌ఎంఓ అడిగేది మన దగ్గర అప్పటికే ఉంది. అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వు చెప్పినదేమంటే, ఆ ఆడిట్ బృందాలు బ్యాంకు ధ్రువీకరణ పంపే పనిని, తెప్పించే పనిని కంపెనీకే వదిలేశాయి, వచ్చిన జవాబుల నిజానిజాలను దాదాపుగా ప్రశ్నించలేదు. ప్రమాణం లేక జరిగిన మోసం కాదిది. స్వీకరించిన ప్రమాణం సంతకం పెట్టిన ఫైలులోకి చేరక జరిగింది. ఎస్‌ఎంఓల మీద జరిగే ఏ చర్చ అయినా ఈ ఒక్క వాస్తవాన్ని ముందు పెట్టుకుని మొదలు కావాలని నా అభిప్రాయం.

తర్వాత ఎవరు ఎలా స్పందించారో పక్కపక్కన పెట్టి చూస్తే వ్యవస్థల తేడా తెలుస్తుంది. సత్యం వాటాలు న్యూయార్క్‌లోనూ వ్యాపారమయ్యేవి కాబట్టి అమెరికా సంస్థలు రెండేళ్ల మూడు నెలల్లో కేసు ముగించాయి. సెక్యూరిటీస్ కమిషన్‌కు 60 లక్షల డాలర్లు, పీసీఏఓబీకి 15 లక్షల డాలర్లు జరిమానాగా చెల్లించడానికి ఆ నెట్‌వర్కులోని అయిదు భారతీయ సంస్థలు ఒప్పుకున్నాయి. ఇక్కడ ఐసీఏఐ చర్య వ్యక్తుల మీద పడింది, సంస్థ మీద కాదు. ఎందుకంటే చట్టం నాడు ఆ అధికారాన్ని సభ్యుల వరకే ఇచ్చింది. హైదరాబాద్ ప్రత్యేక కోర్టు 2015 ఏప్రిల్ 9న దోషులుగా తేల్చిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు. అప్పీలులో ఆ శిక్ష అమలు ఆగింది. సెబీ 2018 జనవరిలో ఆ నెట్‌వర్కును రెండేళ్లపాటు లిస్టెడ్ కంపెనీల ఆడిట్ నుంచి నిషేధిస్తే, 2019 సెప్టెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆడిట్ నాణ్యతను తూచే అధికారం సెబీది కాదు, ఐసీఏఐదని అది చెప్పింది. అంటే నెట్‌వర్కును పట్టుకోగలిగినవారికి ఆ అధికారం లేదని తేలింది, అధికారం ఉన్నవారి చెయ్యి నెట్‌వర్కు దాకా చేరలేదు.

మేటాస్ ఇన్‌ఫ్రా తర్వాతి కథ కూడా ఈ చర్చలోకే వస్తుంది. 2009లో దాన్ని చేతిలోకి తీసుకున్నది మౌలిక వసతుల ఫైనాన్స్ సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్. 2018లో ఆ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్సే కుప్పకూలింది. దాని ఆర్థిక సేవల విభాగం ఆడిట్ మీద 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదికతోనే ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ దేశం దృష్టికి వచ్చింది.

మూడు వాదాలు

ఈ అనుభవం నుంచి మూడు వర్గాలు మూడు దారుల్లో నడిచాయి.

వృత్తిని వృత్తివారికే వదలాలన్నది మొదటి వాదం. ఐసీఏఐ కౌన్సిల్‌లో ఎక్కువమంది, చిన్న ప్రాక్టీసులవారు దీని వైపు ఉంటారు. ఆడిట్ ఫైలు చదివి ఎక్కడ నిర్ణయం తప్పిందో, ఎక్కడ నిర్లక్ష్యం జరిగిందో వేరుచేయగలిగేది అదే పని చేసినవారేనని వీరు అంటారు. నాలుగు లక్షలకు పైబడిన సభ్యులున్న సంస్థను ఒకరిద్దరు పెద్ద నెట్‌వర్కుల పాపాలతో కొలవడం అన్యాయమంటారు. 2002 నుంచి పీర్ రివ్యూ పెరుగుతూ వచ్చిందని, 2019 నుంచి సీఏ ఇచ్చే ప్రతి ధ్రువపత్రానికీ యూడీఐఎన్ అనే 18 అక్షరాంకెల సంఖ్య తప్పనిసరి చేశామని గుర్తుచేస్తారు. ఈ చివరిది నిజంగా మెచ్చుకోవలసిన పని. మేడ్చల్‌లోని బ్యాంకు మేనేజరు ఇప్పుడు రుణ దరఖాస్తుతో వచ్చిన సీఏ సర్టిఫికెట్ అసలుదో నకిలీదో ఆన్‌లైన్‌లో అప్పటికప్పుడు సరిచూసుకోగలడు. ఏ ఎస్‌ఎంఓ అడగకుండానే వచ్చిన ఏర్పాటు అది.

రెండో వాదం బయటి పర్యవేక్షణ కావాలంటుంది. తోటివారిని తోటివారు శిక్షించరన్నది దీని మూలం. 2013 కంపెనీల చట్టం 132వ సెక్షన్ ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏకు చోటిచ్చింది. అయినా అయిదేళ్లు అది కాగితంమీదే ఉండిపోయింది. 2018 ఫిబ్రవరిలో పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణం బయటపడడం, అదే నెలలో బహుళజాతి అకౌంటింగ్ సంస్థల పర్యవేక్షణకు యంత్రాంగం గురించి ఆలోచించమని సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పడం, ఈ రెండూ ప్రభుత్వాన్ని కదిలించాయి. ఆ ఏడాది అక్టోబరు 1న ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ఏర్పడింది. లిస్టెడ్ కంపెనీలతోపాటు, చెల్లించిన మూలధనం 500 కోట్లు లేదా టర్నోవరు 1,000 కోట్లు లేదా అప్పులు 500 కోట్లు దాటిన ఇతర కంపెనీల ఆడిటర్లు దాని కిందికి వస్తారు. వ్యక్తిని మాత్రమే కాక సంస్థను కూడా నిషేధించే, జరిమానా వేసే అధికారం దానికి ఉంది. సత్యం తర్వాత కనిపించిన లోటు సరిగ్గా ఇదే.

మూడో వాదానికి గట్టి పేరు లేదు, వేదిక లేదు, కాని బలం ఉంది. ప్రమాణం ఎవరు అమలు చేస్తారన్నదానికంటే అది ఎవరికోసం రాశారన్నది వీరి ప్రశ్న. అంతర్జాతీయ ఆడిటింగ్ ప్రమాణాలు పుట్టింది పెద్ద కంపెనీల మార్కెట్ల కోసం. మన కంపెనీల చట్టం మాత్రం మేడ్చల్‌లో పాతికమంది పనిచేసే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీకి కూడా ఆడిట్ తప్పనిసరి చేసింది. బ్రిటన్‌లో చిన్న కంపెనీలకు మినహాయింపు ఉంది. 2021 సెప్టెంబరులో ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ఒక చర్చాపత్రం విడుదల చేసి, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా కంపెనీలన్నిటికీ తప్పనిసరి ఆడిట్ అవసరమా అని అడిగింది. వృత్తిలో గగ్గోలు పుట్టింది. ఆడిట్ లేకపోతే బ్యాంకులు, పన్ను శాఖ దేనిని నమ్ముకుంటాయన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే పెద్ద కంపెనీకి రాసిన ప్రమాణాన్ని చిన్న కంపెనీకి తగిలిస్తే జరిగేది ఒకటే. ఫైలు నిండా చెక్‌లిస్టులు చేరతాయి, ఆలోచన తగ్గుతుంది. 2023 డిసెంబరులో అంతర్జాతీయ ప్రమాణాల మండలి సంక్లిష్టత తక్కువున్న సంస్థల ఆడిట్ కోసం విడిగా ఒక ప్రమాణం విడుదల చేయడం ఈ వాదానికి దక్కిన గుర్తింపు.

ఏడింటిలో ఎక్కడున్నాం

ఏడు బాధ్యతలూ ఒకే తీరుగా లేవు. కొన్నింటిలో మనం ముందున్నాం, ఒకదానిలో చాలా వెనక.

చదువు విషయంలో ఐసీఏఐ ఎప్పుడూ గట్టిగానే ఉంది. పరీక్షలు కఠినమని పేరు, పరీక్షల తర్వాత కూడా నిరంతర శిక్షణ గంటలు తప్పనిసరి. 2023 జూలై నుంచి ఆర్టికల్‌షిప్‌ను, అంటే ఆడిటర్ల దగ్గర చేసే ఆచరణ శిక్షణను, మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించడంపై అనుభవం చాలదన్న విమర్శ వచ్చింది. అయితే అంతర్జాతీయ విద్యా ప్రమాణం ఇప్పుడు ఏళ్ల లెక్క కాక, అభ్యర్థి ఏం చేయగలడో చూడమంటోంది కాబట్టి కేవలం తగ్గింపును బట్టి తప్పుపట్టలేం. వృత్తిలోకి వచ్చే దారిలో అనవసరమైన అడ్డంకులు ఉండకూడదని కూడా అదే ప్రమాణాలు అంటాయి. సీఏ పరీక్ష ఇంగ్లిషులోనూ హిందీలోనూ రాయవచ్చు, తెలుగులో రాయలేం. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ కోచింగ్ కేంద్రాలు ఏటా అంతమందిని పరీక్షకు పంపుతున్నా, ఈ అడ్డంకి గురించి జరగవలసినంత చర్చ జరగలేదు.

నైతిక నియమావళిని 2020 జూలై నుంచి అంతర్జాతీయ నియమావళికి దగ్గరగా మార్చారు. కాని చట్టవిరుద్ధ పనులు కంటబడితే ఆడిటర్ ఏం చేయాలన్న భాగం, ఒకే క్లయింటు ఫీజు మీద ఆధారపడడంపై పరిమితులు, ఆడిట్ క్లయింటుకు పన్ను సేవలు అన్న ముఖ్యమైన భాగాలను వెనక్కి జరిపి, 2022 అక్టోబరు నుంచి అమలు చేశారు. ఎక్కువ పదునున్న భాగాలే ఆలస్యంగా రావడం గమనించదగినది.

ఐఎఫ్‌ఆర్‌ఎస్‌లో మనది మధ్యేమార్గం. 2011కి మారాలన్న మొదటి గడువు తప్పింది. 2015 ఫిబ్రవరిలో ఐఎఫ్‌ఆర్‌ఎస్ ఆధారంగా రాసిన మన ప్రమాణాలు, ఇండ్ ఏఎస్, నోటిఫై అయ్యాయి, 2016 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలకు, మరుసటి ఏడాది నుంచి మిగతా లిస్టెడ్ కంపెనీలకు వర్తించాయి. అంతర్జాతీయ ప్రమాణాలను యథాతథంగా తీసుకోకుండా, కొన్నిచోట్ల మన పరిస్థితికి తగ్గట్టు మార్చుకున్నారు. బ్యాంకులకు అమలును 2019 మార్చిలో రిజర్వు బ్యాంకు నిరవధికంగా వాయిదా వేసింది. ఇక్కడ ఐసీఏఐని తప్పుపట్టడానికి లేదు. ప్రమాణాలు సిఫారసు చేయడం వరకే దాని పని, నోటిఫై చేయడం కేంద్ర ప్రభుత్వానిది. బాధ్యత పంచుకోవడమన్న మెట్టు అంటే ఏమిటో ఇక్కడ బాగా అర్థమవుతుంది.

అయిదో బాధ్యత, ప్రభుత్వ రంగ అకౌంటింగ్, మన దేశంలో అన్నిటికంటే బలహీనం. కేంద్రం, రాష్ట్రాలు ఇంకా నగదు పద్ధతిలోనే లెక్కలు రాస్తున్నాయి. వచ్చిన డబ్బు, పోయిన డబ్బు కనిపిస్తాయి, కట్టవలసిన బకాయిలు, కూడబెట్టిన ఆస్తులు పూర్తిగా కనిపించవు. కాగ్ 2002లో ప్రభుత్వ అకౌంటింగ్ ప్రమాణాల సలహా మండలిని పెట్టినా ఆ అడుగు పూర్తి కాలేదు. పురపాలికల్లో కొంత నయం. 2004 నాటి జాతీయ మాన్యువల్ తర్వాత జంట పద్దుల పద్ధతి వచ్చింది, ఐసీఏఐ స్థానిక సంస్థల కోసం విడిగా అకౌంటింగ్ ప్రమాణాలు రాసింది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి స్థానిక సంస్థల గ్రాంట్లకు ఆన్‌లైన్‌లో లెక్కలు పెట్టడాన్ని షరతుగా చేయడం ఈ రంగంలో వచ్చిన పెద్ద ఒత్తిడి. మేడ్చల్, తూంకుంట లాంటి ఊళ్లు పంచాయతీల నుంచి పురపాలికలుగా పెరిగే క్రమంలో భూముల విలువ, భవన అనుమతుల రాబడి ఎన్నో రెట్లు అయ్యాయి. ఇలాంటి చోట నగదు లెక్క మాత్రమే చూస్తే అసలు కథ తెలియదు. పైగా ఈ లెక్కలు చూసేది రాష్ట్ర ఆడిట్ శాఖ, ఐసీఏఐ కాదు. జాతీయ సంస్థ ఎంత ప్రయత్నించినా తలుపు తీయవలసింది ప్రభుత్వాలే.

తనిఖీ, క్రమశిక్షణ మిగిలాయి. 2022లో పార్లమెంటు చట్టం సవరించి క్రమశిక్షణ కమిటీలో బయటివారికి ఎక్కువ స్థానాలు, విచారణకు గడువులు పెట్టింది. సంస్థలను కూడా బాధ్యుల్ని చేసే మార్గం తెరిచింది. వృత్తిలో చాలామంది దీన్ని అవమానంగా తీసుకున్నారు. నాకు అలా అనిపించదు. ఆరో ఎస్‌ఎంఓ స్ఫూర్తి కూడా విచారణలో వృత్తేతరుల గొంతు ఉండాలనే. తన సభ్యుల మీద నమ్మకం ఉన్న సంస్థ బయటివారి ముందు విచారణ జరగడానికి భయపడనక్కర్లేదు.

600వ నంబరు ప్రమాణం మీద పోరు

ఇప్పుడు తగువు వేడంతా ఈ ఒక్క ప్రమాణం మీద ఉంది. ఒక కంపెనీకి నాలుగైదు అనుబంధ సంస్థలు ఉంటే, వాటిని వేర్వేరు ఆడిటర్లు చూస్తే, మొత్తం గ్రూపు లెక్కలపై సంతకం చేసేవారి బాధ్యత ఎంత? మన ఆడిటింగ్ ప్రమాణం ఎస్ఏ 600 ప్రకారం ప్రధాన ఆడిటర్, ఫలానా భాగం వేరొకరు చూశారని నివేదికలో రాసి బాధ్యతను విడదీసుకోవచ్చు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఏ 600 ప్రకారం బాధ్యత మొత్తం గ్రూపు ఆడిటర్‌దే. అందుకని కింది ఆడిటర్ల పనిని అతను నడిపించాలి, పరిశీలించాలి.

2024 సెప్టెంబరులో ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ సవరించిన ఎస్ఏ 600 ముసాయిదా తెచ్చింది. ప్రభుత్వ రంగ బ్యాంకులకు, బీమా సంస్థలకు, వాటి శాఖలకు మినహాయింపు ఇచ్చింది. ఐసీఏఐ వ్యతిరేకించింది. నవంబరులో జరిగిన సమావేశంలో ఐసీఏఐ ప్రతినిధుల అభ్యంతరాల మధ్యే, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు చేయాలని ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ప్రభుత్వానికి సిఫారసు చేసింది.

రెండు వైపుల వాదనలోనూ పస ఉంది. ఉదాహరణకు ఒక లిస్టెడ్ మందుల కంపెనీకి జీనోమ్ వ్యాలీలో ఒక అనుబంధ సంస్థ ఉందనుకుందాం, దాన్ని హైదరాబాద్‌లోని ఒక మధ్యస్థాయి సంస్థ ఆడిట్ చేస్తోందనుకుందాం. కొత్త పద్ధతిలో గ్రూపు ఆడిటర్ ఆ సంస్థ ఫైళ్లు అడుగుతాడు, మళ్లీ పరిశీలిస్తాడు, ఖర్చు పెరుగుతుంది. ఒకటి రెండేళ్లలో యాజమాన్యం అన్నిటినీ ఒకే పెద్ద నెట్‌వర్కుకు అప్పగించేస్తే తేలికని తేల్చుకుంటుంది. ఐసీఏఐ భయం ఇదే, అది ఊహాజనితం కాదు. కాని గ్రూపు కంపెనీల మధ్య డబ్బు చేతులు మారి మాయమైన కేసుల్లో, నేను చూడలేదు, వేరే ఆడిటర్ చూశారన్న ఒక్క వాక్యం ఎంతమందిని కాపాడిందో ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ కళ్లముందు ఉంది. చిన్న సంస్థలను కాపాడడానికి ప్రమాణాన్ని బలహీనం చేయడంకంటే, ఉమ్మడి ఆడిట్లు, సంస్థల కలయిక, ఫీజుల్లో న్యాయమైన వాటా లాంటి దారులు వెతకడం మేలని నేననుకుంటాను. మూడో ఎస్‌ఎంఓ కోణంలో చూసినా, అంతర్జాతీయ ప్రమాణాన్ని స్వీకరించమని శక్తిమేరకు ప్రయత్నించవలసిన సంస్థే దాని స్వీకరణకు అడ్డు నిలవడం ఇబ్బందికరమైన స్థితి.

పైస్థాయిలోనూ అదే పంచాయితీ

ఇది భారత్‌కే పరిమితమైన చిక్కు అనుకుంటే పొరపాటు. ఆడిటింగ్ ప్రమాణాలు, నైతిక నియమావళి రాసే అంతర్జాతీయ మండళ్లు దశాబ్దాలపాటు ఐఫాక్ గొడుగు కిందే ఉండేవి. అకౌంటెంట్ల సమాఖ్య డబ్బుతో అకౌంటెంట్లకు నియమాలు రాయడమేమిటని ప్రపంచ నియంత్రణ సంస్థలు అడిగాయి. 2005లో ప్రజాహిత పర్యవేక్షణ మండలి వచ్చింది. 2020 జూలైలో నియంత్రణ సంస్థల బృందం ఆ మండళ్లను ఐఫాక్‌కు మరింత దూరం పెట్టాలని సిఫారసు చేసింది. 2023 జనవరి నుంచి ఆ రెండు మండళ్లూ కొత్తగా ఏర్పడిన వేరే ఫౌండేషన్ కిందికి వెళ్లాయి.

సభ్య సంస్థలను కొలిచే సమాఖ్యే తన చేతిలోని ప్రమాణాల రచనను వదులుకోవలసి వచ్చింది. ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ రాకను కేవలం ఐసీఏఐ మీద అపనమ్మకంగా చూసేవారు ఈ పరిణామాన్ని లెక్కలోకి తీసుకోవాలి. స్వతంత్ర పర్యవేక్షణ ఇప్పుడు లోకమంతా అంగీకరించిన పద్ధతి.

ఇంకా తేలనివి

బయటి పర్యవేక్షణ అన్నంత మాత్రాన అన్నీ తేలిపోలేదు. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు కంపెనీల చట్టం 132వ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని చెప్పింది. అదే తీర్పులో ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ఇచ్చిన షోకాజ్ నోటీసులను కొట్టేసింది. ఆడిట్ నాణ్యతపై నివేదిక రాసినవారే నోటీసులిచ్చి విచారించడం నిష్పాక్షికత కాదన్నది దాని మాట. తోటివారిని తోటివారు విచారించడంలో ఉన్న లోపం సరిదిద్దబోయి, తనిఖీ చేసినవారే తీర్పు చెప్పే లోపంలోకి వెళ్లకూడదు కదా.

రెండు తలుపుల సమస్యా ఉంది. పెద్ద కంపెనీ ఆడిటర్ ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ముందు, చిన్న కంపెనీ ఆడిటర్ ఐసీఏఐ ముందు. మేడ్చల్‌లోని ఒక చిన్న పరిశ్రమకు అప్పు ఇచ్చినవారు, ఒక లిస్టెడ్ కంపెనీలో వాటా కొన్నవారు ఒకే రకమైన తప్పుకు రెండు వేర్వేరు చోట్ల, వేర్వేరు వేగాలతో న్యాయం వెతుక్కోవాలి. ఐఫాక్ కొలత ఈ తేడాను పట్టుకోదు, ఎందుకంటే రెండు వ్యవస్థలూ ఉన్నాయన్నది దానికి సరిపోతుంది.

సభ్యత్వం మన వృత్తివారికి నిజమైన లాభం తెచ్చిందన్నదీ చెప్పాలి. దుబాయ్‌లో, మెల్‌బోర్న్‌లో, లండన్‌లో పనిచేసే తెలుగు సీఏల అర్హతకు విదేశీ సంస్థలు ఇచ్చే గుర్తింపు వెనక ఈ ఉమ్మడి ప్రమాణాల మీద నమ్మకం ఉంది. ఆ నమ్మకం నిలవాలంటే కొలత లోతుకు వెళ్లాలి. ఐసీఏఐ తన తదుపరి కార్యాచరణ ప్రణాళికలో, ఏ కమిటీ ఉంది, ఏ ప్రమాణం స్వీకరించాం అన్న వివరాల పక్కన, ఏటేటా పోల్చుకోగల అంకెలను కూడా ఒకే చోట పెట్టాలి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, వాటిలో ఎన్ని ఎంత కాలానికి తేలాయి, పీర్ రివ్యూలో ఎన్ని సంస్థలకు సర్టిఫికెట్ ఆగింది, తనిఖీ చేసిన ఫైళ్లలో బ్యాంకు ధ్రువీకరణ లేఖ నేరుగా ఆడిటర్‌కు చేరినవి ఎన్ని. ఈ చివరి అంకెను ఐఫాక్ అడగడానికి కొత్త చట్టం అవసరం లేదు. ఇవ్వడానికి ఐసీఏఐకి కూడా అవసరం లేదు.